పోతది, వస్తది

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, మార్చి పదిహేను, గురువారం, పొద్దున పదిన్నర గంటలకు మా గల్లీకి పోలీసు వచ్చాడు. హోళీ రంగు ఇంకా గోడల మీద ఉంది. మూలమీది చాయ్ హోటల్ గడియారం అరగంటకు కొట్టే ఒక్క దెబ్బా, పోలీసు సైకిల్ గంటా ఒకేసారి వినపడ్డాయి. అందుకని గంట కూడా గుర్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా పక్కింటి పిల్ల పాస్‌పోర్టుకు పెట్టుకుంటే ఒక పోలీసు పిల్లవాడు మోటారుసైకిల్ మీద వచ్చి, "అవ్వా, గా అమ్మాయి ఎట్లాంటిది?" అని నన్ను అడిగాడు. "మంచిదే బిడ్డా. మస్తు తిరుగుతది" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ జవాబు నేర్చుకోవడానికి మా గల్లీకి ఒక పూట పట్టింది. నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటినాక, రాత్రి బడిలో. సొంపులు నాకు రావు. చూసింది చూసినట్టు రాస్తాను.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసేవాళ్ల గల్లీ. పెళ్లిళ్లలో జనం కూర్చోవడానికి పరుస్తారే, చారల చారల మందపాటి నూలు తివాచీ, అదే జంపఖానా. మా ఇంటి ఆవరణలోనే, ఎదురు గదిలో ఒకామె కిరాయికి ఉండేది. పెద్ద దవాఖానలో ఆయా. అప్పటికి నలభై ఉంటాయేమో. పెళ్లయిన కొద్దిరోజులకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గల్లీ అంతా దవాఖానక్క అనేది. మనిషి పొట్టి, గట్టి. నిలబడితే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది, కింద నేల ఊగుతున్నట్టు. "ఎందుకే గట్ల నిలవడ్తవ్?" అంటే "రైళ్ల అలవాటైంది" అనేది. రైలు ఎక్కకముందు నుంచీ అట్లానే నిలబడేదని మా అత్త మల్లమ్మ అంటుండేది.

ఆమెకున్న పిచ్చి ఒకటే, పోవడం. పండుగలకు తోటి ఆయాలంతా ఊళ్లకు పోతే వాళ్ల డ్యూటీలు కూడా తానే చేసేది. ఆ బదులు రోజులన్నీ కూడబెట్టి, ఏడాదికోసారి నెల రోజులు మాయమయ్యేది. ఒక్కతే. సంచిలో అటుకులు, సత్తుపిండి, మామిడికాయ తొక్కు. భుజం మీద చుట్టిన జంపఖానా. మా ఇంట్లో నేసిందే, చివర పోగులు తప్పి అమ్ముడుపోనిది. టేషన్లలో, సత్రాల్లో, గుళ్ల మెట్ల మీద అదే పరుచుకుని పడుకునేది, సంచి తాడు కాలికి కట్టుకుని. "గిన్ని పైసలు ఏడికెల్లి వస్తయే?" అని చాయ్ హోటల్ దగ్గర ఎవరో అడిగితే, "నువ్వు రోజు కల్లు తాగుతె నిన్ను నేను అడిగిన్నా?" అన్నది. అక్కడితో ఆ ప్రశ్న మా గల్లీలో చచ్చిపోయింది.

నేను నెక్కొండ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు, అందరూ నా చెవుల పోగులు, చేతుల గాజులు చూస్తుంటే ఆమె నా పక్కన కూలబడి, "చెల్లె, మీ ఊర్ల రైలు ఆగుతది గద. ఎన్నడన్న ఎక్కినవా?" అని అడిగింది. చిన్నప్పటి నుంచీ రోజూ రైలు చూస్తూ పెరిగాను. ఎక్కింది మాత్రం ఆ పొద్దునే, పెళ్లికూతురిగా. ఆ మాటే చెప్పాను. "అయ్యో, మంచిగ కిడికి పక్కన కూసున్నవా లేదా?" అన్నది. కొంగు దించి కూర్చున్నానని చెబితే, పెద్ద నష్టం జరిగినట్టు నాలుక చప్పరించింది.

కొత్త మనిషి ఎవరు కనపడినా ఆమె అడిగే మాట ఇంకొకటి ఉండేది. "మీ దిక్కు నీళ్లెట్ల తెచ్చుకుంటరు?" తాను చూసొచ్చిన ఊళ్ల గురించి చెప్పినా అదే చెప్పేది. గుడి ఎంత పెద్దది, దేవుడు ఎట్లున్నాడు అని మా అత్త అడిగితే, "ఉన్నడు తియ్యి, దేవునికేమైతది" అని, అక్కడి ఆడవాళ్లు బిందె ఎట్లా తోముతారో, పసిపిల్లను ఏ సంకన వేసుకుంటారో, మిరపకాయలు దేని మీద ఎండబెడతారో గంటసేపు చెప్పేది. తేవడం మాత్రం ఏమీ తెచ్చేది కాదు. "ఏం తెచ్చినవే మాకు?" అంటే, "నేనొచ్చిన గద!" అనేది.

"భాష రాకుంటె ఎట్లనే?" అని నేనోసారి అడిగాను.

"ఆకలైతె కడుపు జూపెడ్త. నిద్రొస్తె జంపఖానా జూపెడ్త. మనిషికి ఇంకేం గావాలె చెల్లె?"

ముండమోసిన మనిషి ఎదురొస్తే శకునం మంచిది కాదని మా దగ్గర పట్టింపు. ఆమె బయలుదేరే పొద్దున గల్లీలో తలుపులు మూసి ఉండేవి. ఆమెకు ఫికరే లేదు. "నాకు ఎవలెదురొస్తె ఏంది? నాకంటె చెడ్డ శకునం ఎవలున్నరు?" అని గట్టిగా నవ్వుకుంటూ మూసిన తలుపుల మధ్య నుంచి నడిచిపోయేది.

డెబ్బై ఆరులో నేపాలు పోయింది. దానికి పాస్‌పోర్టు అక్కరలేదని దవాఖానలో ఎవరో చెప్పారట. పోయేముందు కొండలెక్కడం అలవాటు కావాలని ఆదివారాలు బస్సెక్కి పాలకుర్తి పోయి, సంచి వీపుకు కట్టుకుని గుడి ఉన్న గుట్ట ఎక్కీ దిగీ వచ్చేది. మా అత్త చూసి, "దేవునికి మొక్కుటానికి పోతాందా, దేవుని సతాయించుటానికి పోతాందా?" అన్నది.

నేపాలు నుంచి వచ్చాక ఆమె ఒక పని చేసింది. మేం నూలు గఠిరీలు, అంటే పెద్ద మూటలు, నెత్తిన మోసేవాళ్లం. మెడలు పట్టేసేవి. ఆమె మా పాత జంపఖానా అంచును పట్టీలా కత్తిరించి, దాని రెండు కొసలూ గఠిరీకి కట్టి, పట్టీని నొసటికి ఆనించుకుని, బరువు వీపు మీద వేసుకుని, వంగి నడిచి చూపింది. "ఆడ గుట్టల మీద ఆడోళ్లు గిట్లనే మోస్తరు." గల్లీ అంతా పడీ పడీ నవ్వింది. వానాకాలం వచ్చేసరికి ఆడవాళ్లమంతా అట్లానే మోస్తున్నాం. రెండు చేతులూ ఖాళీ. చంటిపిల్లను ఎత్తుకోవచ్చు, గొడుగు పట్టుకోవచ్చు. నవ్విన నోళ్లు మూతపడలేదు, వేరే సంగతుల మీద నవ్వడం మొదలుపెట్టాయి.

నవ్వినవాళ్లందరిలో మా అత్తే ముందు. దవాఖానక్క పోయిన ప్రతిసారీ తిట్టేది, వచ్చిన ప్రతిసారీ తిట్టేది. కారణం నాకు తర్వాత అర్థమైంది. మా అత్త పెద్దకొడుకు, మా పెద్దబావ, బొంబాయి దిక్కు భీవండి మగ్గాలకని పోయి మళ్లీ రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. గల్లీలో అట్లాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. పోవడం అంటే మా అత్తకు ఒకటే అర్థం.

ఆ తర్వాత దవాఖానక్కకు సిలోన్ మీద మనసు పడింది. చాయ్ హోటల్ రేడియోలో అక్కడి నుంచి తెలుగు పాటలు వచ్చేవి. "పాట సముద్రం దాటి ఈడిదాంక వస్తాంది. నేను ఆడిదాంక పోరాదా?" అన్నది. రామేశ్వరం దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. కానీ దీనికి పాస్‌పోర్టు కావాలి. దరఖాస్తు పెట్టుకుంది. దాని ఎంక్వయిరీకే ఆ గురువారం పోలీసు వచ్చింది. అది మాకెవరికీ తెలియదు.

ఆ రోజుల్లో పోలీసు గల్లీలోకి వచ్చాడంటే ఒకటే మాట, ఎవరి కోసమో వెతుకుతున్నాడని. ఏటూరునాగారం అడవుల దిక్కు, నక్సలైట్ల దగ్గరికి ఎవరు పోయారు, ఎవరింట్లో ఎవరు తిన్నారు, ఇవే ప్రశ్నలు. నెల రోజులు కనపడకుండా పోయిన మనిషంటే వాళ్లకు ఆ అర్థమే తోచేది.

అప్పుడు మేం వీధిలో పడుగు చాపి ఉన్నాం. మగ్గానికెక్కించే నిలువు పోగులను గల్లీ పొడవునా బిగించి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతున్నాం. ఎండెక్కకముందే అయిపోవాల్సిన పని. హోళీ మత్తు దిగక మగవాళ్లు లేవలేదు కాబట్టి ఆడవాళ్లమే ఆలస్యంగా మొదలుపెట్టాం. గంజి తడి మీద పడుగును విడిచి కదలకూడదు. పోలీసు సైకిల్ పట్టుకుని అవతలి కొసన ఆగిపోయాడు.

"ఏమ్మా, ఈ దారాలు జర లేపుతరా?"

"లేపరాదు సారూ. తడి మీదున్నయ్. ఆడ్నే నిలవడి మాట్లాడు," అన్నది మా అత్త.

"దవాఖానల పనిజేసే ఆయమ్మ ఈడ్నే ఉంటదా? ఎట్లాంటి మనిషి?"

మా గల్లీలో ఆడదానికి ఉన్న మెప్పు ఒకటే. మా అత్త అదే తీసి ఇచ్చింది.

"మంచి మనిషి సారూ. గడప దాటది."

ఆమె పక్కన దువ్వుతున్న యాకమ్మ అందుకుంది. "దవాఖాన, ఇల్లు. ఇల్లు, దవాఖాన. తల లేపి సూడది."

"పక్క గదిలనే ఉంట గని, గామె గొంతు ఎట్లుంటదో నాకు ఇప్పటిదాంక తెల్వది," అన్నది సోమక్క. దవాఖానక్క నవ్వితే చాయ్ హోటల్ దాకా వినపడేది.

"ఊరు దాటి పోతదా?"

"రామ రామ! బస్సెక్కితెనే కక్కుకుంటది," అన్నది కొమురమ్మ.

పోలీసు టోపీ తీసి తల గోక్కున్నాడు. "మరి నేపాల్ పోయొచ్చిన, ఇగ సిలోన్ పోవాలె, గందుకే పాస్‌పోర్ట్ అని ఇప్పుడే దవాఖానల గామెనే చెప్పె నాకు?"

కుంచెలు ఆగిపోయాయి. మా అత్త కన్నార్పలేదు.

"గట్లయితె గామె వేరే ఆమె సారూ."

"గీ ఇంటి నంబరే ఇచ్చిందమ్మా!"

"అయితె గీ ఇంట్ల ఉండేది గామె కాదు."

"అడ్రస్సే తప్పంటాన్రు. సరే, గదే రాస్త," అని ఆయన సైకిల్ తిప్పుకుని పోయాడు. ఒక మనిషిని కాపాడామని మేం పడుగు మీద సంబరంగా వంగాం.

రెండు గంటలకు ఆమె డ్యూటీ దిగి వచ్చింది. పడుగు ఆరి, చుట్టేసి ఉంది. అందరం ఒకేసారి చెప్పాం. "నీ మీద ఈగ వాలనియ్యలే" అన్నది యాకమ్మ. ఆమె మొదట నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మా అరుగు మీద కూర్చుని, టిఫిన్ గిన్నె మూట విప్పింది, కట్టింది, మళ్లీ విప్పింది.

"పెద్దమ్మా, పోలీసోళ్లు మంచిగ రాస్తెనే పాస్‌పోర్ట్ ఇస్తరు. అడ్రస్సు తప్పని రాసి పంపితె ఇగ నాకు ఎన్నడు ఇయ్యరు."

"ఇయ్యకుంటె ఏమాయె? ఉన్న ఊరు సరిపోదా?"

ఆమె మూట ముడి బిగించి, మెల్లగా అన్నది. "సరిపోతది పెద్దమ్మా. గని సముద్రం అవతల ఒక్కసారి నిలవడాలని నాకున్నది. గంతే. చెడ్డ కోరికా?"

 "చెడ్డదైతె నిన్ను మంచిదానివని పోలీసోనికి ఎందుకు జెప్తనే?" అని మా అత్త తమలపాకు ఉమ్మేసి లేచింది. "లే. పోయి జెప్దాం."

మా ఇళ్ల ఆడవాళ్లు ఠాణా మెట్లు ఎక్కడమా! ఎవరైనా చూస్తే ఏమంటారని సోమక్క వణికింది. ఉపాయం మా అత్తే చెప్పింది. నూలుకు పోతున్నట్టు పోదాం, వస్తూ వస్తూ ఠాణాలోకి మళ్లుదాం. అట్లానే నేతగాళ్ల సంఘం దగ్గర నూలు మూటలు ఎత్తుకుని, నొసటి పట్టీలతో వంగి నడుస్తూ, వరుసగా ఠాణాలోకి పోయాం. దవాఖానక్క చివర నడిచింది. పొద్దుటి పోలీసు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు.

ఎస్సై సారు నిదానమైన మనిషే. "గడప దాటదంటిరంట పొద్దుగాల?"

"మా దగ్గర మంచిదంటె గట్లనే అంటరు సారూ," అన్నది మా అత్త. "దాటుతది. బరాబర్ దాటుతది."

"అంటె అబద్ధం జెప్పినవ్."

"మంచిగ జెప్దామని జెప్పిన. మీ దగ్గర ఏది మంచో మాకేమెర్క?"

ఆయన మూతి బిగించాడు. నవ్వు ఆపుకోవడానికో, కోపానికో తెలియలేదు. "ఒక్కతే ఎందుకు పోతది?"

"మేమెవ్వలం ఎంట పోలే. గందుకే ఒక్కతి."

"నేపాలే పోయిందని మీరెవలన్న సూసిన్రా? అడవికి పోయి నేపాలని జెప్తె?"

మా అత్త నొసటి మీది పట్టీని వేలితో చూపింది. "గిది సూడు సారూ. గిది ఆడికెల్లి నేర్చుకొచ్చింది. మన దిక్కు ఎవలన్న నొసట మోసుడు సూసినవా? ఏ అడవిల నేర్పుతరు గిది?"

ఎస్సై లేచి వచ్చి, యాకమ్మను పక్కకు తిరగమని, పట్టీని పట్టి లాగి చూశాడు. పొద్దుటి పోలీసును పిలిచి, "ఎత్తు, చూద్దాం" అన్నాడు. ఆయన పట్టీని మెడకు తగిలించుకుని లేవబోయి వెల్లకిలా పడ్డాడు. ఠాణా అంతా నవ్వింది. చివర నిలబడ్డ దవాఖానక్క ముందుకొచ్చి, "మెడకు గాదు తమ్మీ, నొసటికి" అని తన చేత్తో పట్టీ సర్దింది. "ఇగ లెవ్వు. వంగి లెవ్వాలె. కండ్లు కిందికి." ఆయన లేచాడు. రెండడుగులు వేశాడు. తనకే ఆశ్చర్యమైంది.

ఎస్సై కుర్చీలో కూర్చుని కాగితం ముందుకు లాక్కున్నాడు. "పోయినంక మల్ల వస్తదా?"

మా అత్త గఠిరీ దించి, నొసటి మీది పట్టీ గుర్తును తుడుచుకుంది.

"మా గల్లీలకెల్లి మస్తుమంది పోయిన్రు సారూ. భీవండి పోయిన్రు, షోలాపూర్ పోయిన్రు. నా కొడుకు పోయిండు. మగపిలగాడే, తోడుతోని పోయిండు. పత్తా లేడు. గీమె ఒక్కతి పోతది. పోతది, వస్తది. ఇన్నేండ్ల సంది తప్పలే."

ఎస్సై కలం తీసి రాశాడు.

ఎండాకాలం పోయి వానలు పడేటప్పుడు పాస్‌పోర్టు వచ్చింది. ఆమె బయలుదేరిన పొద్దున నేను తలుపు తీసే ఉంచాను. మామ పోయినప్పటి నుంచీ మా అత్త ఎవరి ప్రయాణానికీ ఎదురు రాలేదు. లోపలికి పోయి కూర్చునేది. ఆ రోజు నిండు బిందె చంకన పెట్టుకుని గల్లీ మధ్యలో నిలబడింది.

"గిదేంది పెద్దమ్మా?" అన్నది దవాఖానక్క.

"నువ్వు ముండమోసినదానివి, నేను ముండమోసినదాన్ని. రెండు చెడ్డలు ఎదురుపడితె ఏమైతదో సూద్దాం, పో."

ఏమీ కాలేదు. మంచిగా పోయింది, మంచిగా వచ్చింది. ఓడలో అందరూ కక్కుకుంటుంటే తాను మాత్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డదట. అక్కడ చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల గుడిసె ముందు జంపఖానా పరుచుకుని పడుకుందట. ఆ జంపఖానాను తిప్పి తిప్పి చూసి, తప్పిన పోగులను ఒకామె సూదితో కుట్టి ఇచ్చిందట. ఆ కుట్టు మాకు చూపింది. దారం నీలిది. పాటల సంగతి అడిగాను. "నేను తిరిగిన దిక్కు తెలుగంటె ఏందో ఎవలకు తెల్వది చెల్లె! గా పాటలు మనకే ఇనవడ్తయ్, ఆళ్లకు ఇనవడయ్" అని నవ్వింది. చాయ్ హోటల్ దాకా వినపడింది.

తర్వాత కూడా పోయింది. మద్రాసు నుంచి ఓడెక్కి ఇంకా దూరం పోయింది. ఇక ఎవరూ తలుపులు మూయలేదు. ఒక ఏడు మా అత్త కండెలు చుట్టుకుంటూ, ఎవరి దిక్కూ చూడకుండా, "నేపాలుకు కాయిదం అక్కర్లేదంటివి గదే?" అని అడిగింది. ఆ కథ వేరే. మా అత్త కూడా పోయింది, వచ్చింది. గుడి సంగతి అడిగితే, అక్కడ బిందెలు ఎట్లా తోముతారో చెప్పింది.

ఆ గురువారం అక్కడున్నవాళ్ల పేర్లు రాసి పెడుతున్నాను. నేను తప్ప వాళ్లెవరూ ఇప్పుడు లేరు. పడుగు నడుమ మా అత్త మల్లమ్మ. ఆమె కుడిపక్క యాకమ్మ. అవతల సోమక్క, ఠాణాలో ఒక్క మాటా మాట్లాడలేదు, కానీ వచ్చింది. బస్సు అబద్ధం చెప్పిన కొమురమ్మ. గంజి కుండ దగ్గర లచ్చమ్మ, చెవుడు, ఎందుకు పోతున్నామో తెలియకుండానే మా వెంట నడిచింది. కొసన నేను, నర్సవ్వను. పోలీసు పేరు అడగలేదు. ఎస్సై పేరు బోర్డు మీద ఉండే ఉంటుంది, అప్పటికి నాకు చదవడం రాదు. ఆమె పేరు నేను రాయను. రాయాల్సిన చోట, ఆ ఠాణా కాగితంలో, ఆ సాయంత్రమే రాశారు, మా ఇంటి నంబరుతో సహా.